టోకు నిర్ణయాలు – చిల్లర వాటాలు

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాచార సాంకేతికత, స్త్రీల హక్కులు అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఈ అంశం మీద మనం సాధారణంగా రెండు రకాల మాటలు వింటూ ఉంటాం. సెల్‌ఫోన్ చేతికొస్తే స్త్రీకి సాధికారత వచ్చేసినట్టేనని ప్రభుత్వాలూ కంపెనీలూ చెబుతాయి. ఫోన్ వల్లే ఆడపిల్లలు చెడిపోతున్నారని ఇళ్ళలోనూ, కులపెద్దల దగ్గరా వింటాం. ఒకరిది పొగడ్త, మరొకరిది తిట్టు. కానీ ఇద్దరూ మాట్లాడేది ఫోన్ పట్టుకున్న చేతి గురించే. ఆ ఫోన్‌లోకి సమాచారం ఏ దారిన వస్తోంది, ఆ దారి ఎవరిది, దారిలో సుంకం ఎంతో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న ప్రశ్న ఇద్దరికీ పట్టదు. మన స్త్రీల ఉద్యమాలు కూడా ఈ ప్రశ్నను ఇంకా గట్టిగా అడగలేదనే నా అభిప్రాయం.

ఈవేళ ఆ దారి గురించి మాట్లాడతాను. అందుకు ఒక స్త్రీ వృత్తి జీవితాన్ని ఆధారంగా తీసుకుంటున్నాను. ఆమె నైజీరియాకు చెందిన ఇంజనీరు ఫుంకే ఒపెకే. పోర్చుగల్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు సముద్రం అడుగున 7,000 కిలోమీటర్ల కేబుల్ వేయించిన కంపెనీ స్థాపకురాలు. ఒక విజయగాథ చెప్పి చప్పట్లు కొట్టించడం నా ఉద్దేశం కాదు. విజయగాథలు మనకు కావలసినన్ని ఉన్నాయి. ప్రతి మార్చి 8కీ పత్రికలు వాటిని అచ్చు వేస్తూనే ఉంటాయి. ఒక స్త్రీ అధికార స్థానానికి చేరడం వల్ల ఏం మారింది, ఏం మారలేదు, మారనిది ఎందుకు మారలేదు అని విడదీసి చూడడానికి ఈమె జీవితం మనకు పనికొస్తుంది.

టోకు బేరం ఎక్కడ జరుగుతుంది?

గుంటూరు మిర్చి యార్డులో ధర తేలిపోయాక, వీధి చివరి కిరాణా కొట్టులో పావుకిలో మిరపకాయలు కొనే మనిషి బేరమాడి తగ్గించగలిగేది ఎంత? టెలిఫోన్, ఇంటర్నెట్ వ్యాపారం కూడా అంతే. మనకు సిమ్‌కార్డు అమ్మే కంపెనీ చిల్లర వ్యాపారి. దాని వెనక టోకు వ్యాపారులున్నారు. సముద్రం అడుగు కేబుళ్ళు, నేల మీద ఆప్టికల్ ఫైబర్, టవర్లు, సమాచారాన్ని నిల్వచేసే డేటా సెంటర్లు వాళ్ళవి. వాళ్ళు మనకేమీ అమ్మరు. కంపెనీలకే అమ్ముతారు. కేబుల్‌లో కొంత సామర్థ్యాన్ని పదిహేను, ఇరవై ఏళ్ళకు కౌలుకిచ్చినట్టు ఇస్తారు. వాళ్ళ పేర్లు మనం వినం, వాళ్ళ ప్రకటనలు టీవీలో రావు. కానీ ఒక దేశంలో ఇంటర్నెట్ ఎవరికి అందాలి, ఎంతకు అందాలి అన్నది చాలావరకు ఆ టోకు బేరంలోనే తేలిపోతుంది. ఖండాల మధ్య నడిచే సమాచారంలో 95 శాతానికి పైగా ఆకాశంలోని ఉపగ్రహాల ద్వారా కాదు, సముద్రం అడుగున, తోటకు నీళ్ళు పట్టే గొట్టం మందాన ఉండే ఈ కేబుళ్ళ ద్వారానే పోతుంది.

మరి ఈ రంగంలో స్త్రీలు ఎక్కడున్నారు? చిల్లర కొసన ఎప్పుడూ ఉన్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో తీగలు కలిపిన ఆపరేటర్లు స్త్రీలు. మన ఎస్టీడీ బూతుల్లో పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చున్నవాళ్ళలో ఎందరో స్త్రీలు. కాల్ సెంటర్లలో రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళలోనూ స్త్రీలున్నారు. నైజీరియాలో 2001 తర్వాత సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తల్లో, వీధిలో గొడుగు వేసుకుని, బల్ల మీద ఒక ఫోన్ పెట్టుకుని, నిమిషానికి ఇంత అని మాటలు అమ్మినవాళ్ళలోనూ స్త్రీలు చాలామంది. 2003లో అక్కడ సెకను లెక్కన ఛార్జీలు మొదలయ్యాయి. రేట్లు పడిపోయి ఎవరి ఫోన్ వాళ్ళకు వచ్చాక ఆ గొడుగుల బేరం క్రమంగా పోయింది. ఆ రేట్లు నిర్ణయించిన గదుల్లో గొడుగు కింది స్త్రీ లేదు. మన ఎస్టీడీ బూతులు మూతపడినప్పుడు కూడా ఆ బూతుల్లోని స్త్రీని ఎవరూ అడగలేదు.

స్త్రీల శ్రమ చిల్లరలో కనబడుతుంది, నిర్ణయం టోకులో జరుగుతుంది. ఈ విభజన ఏదో యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. పొలం పనిలో నాట్లూ కలుపులూ ఆడవాళ్ళవి, మార్కెట్ యార్డులో బేరం మగవాళ్ళది అయిన తీరు మనకు తెలిసిందే. సాంకేతిక రంగం కూడా అదే పితృస్వామ్య విభజనను తన భాషలోకి మార్చుకుంది.

ఇబాదాన్ నుంచి న్యూయార్క్, అక్కణ్ణుంచి లాగోస్

ఇలాంటి చోట ఫుంకే ఒపెకే టోకు బేరం జరిగే గదిలోకి వెళ్ళగలిగారు. ఎలా వెళ్ళారు?

ఆమె పెరిగింది నైజీరియా నైరుతి ప్రాంతంలోని ఇబాదాన్ నగరంలో. తండ్రి ఆ దేశపు కోకో పరిశోధనా సంస్థకు డైరెక్టరైన మొదటి నైజీరియన్, తల్లి ఉపాధ్యాయురాలు. క్వీన్స్ స్కూల్ అనే బాలికల పాఠశాలలో చదువు. తర్వాత ఇప్పుడు ఒబాఫెమి అవొలొవొ విశ్వవిద్యాలయంగా పిలిచే ఇఫె విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఆపైన అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ డిగ్రీ.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఇది చదువుకున్న మధ్యతరగతి కుటుంబం. ఆడపిల్లను ఇంజనీరింగ్‌కు పంపగలిగిన కుటుంబం. గొడుగు కింద మాటలు అమ్మిన స్త్రీకి ఈ దారి లేదు. రెండోది, ఆమె పునాది ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పడింది. 1986లో నైజీరియా వ్యవస్థాగత సర్దుబాటు కార్యక్రమాన్ని మొదలుపెట్టాక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎలా కుంగిపోయాయో, చదువుకున్నవాళ్ళు ఎలా దేశం విడిచి వెళ్ళారో ఆఫ్రికా మేధావులు చాలా రాశారు. సర్దుబాటు పేరిట ప్రభుత్వ విద్యను కుదిస్తే ముందు ఆగిపోయేది ఆడపిల్లల చదువేనని మనం ఇక్కడ 1990ల నుంచి చెబుతూనే ఉన్నాం. ఒక స్త్రీ పైకి వచ్చిందని సంతోషించే ముందు, ఆమె ఎక్కిన మెట్లు ఇంకా ఉన్నాయా లేవా అని కూడా చూడాలి.

అమెరికాలో ఆమె సుమారు ఇరవై ఏళ్ళు పనిచేశారు. చివరికి వెరిజాన్ కంపెనీ హోల్‌సేల్ విభాగంలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అయ్యారు. అంటే ఒక టెలిఫోన్ కంపెనీ తన తీగలను మిగతా కంపెనీలకు ఎలా అమ్ముతుంది, ఏ షరతుల మీద అమ్ముతుంది అన్నది లోపలినుంచి నేర్చుకున్నారు. ఆమె తర్వాత చేసిన పనికి ఈ అనుభవమే పెట్టుబడి అని నేననుకుంటాను. 2005లో స్వదేశానికి తిరిగివచ్చి ఎం‌టి‌ఎన్ నైజీరియాలో ముఖ్య సాంకేతిక అధికారిగా చేరారు. సెల్‌ఫోన్ రంగంలో మగవాళ్ళ కోటలాంటి పదవి అది.

తీరం మీద తాళం

అప్పటి పరిస్థితి చెప్పుకోవాలి. 2001లో సెల్‌ఫోన్ లైసెన్సులు వేలం వేసేనాటికి దాదాపు 12 కోట్ల జనాభా ఉన్న నైజీరియాలో పనిచేసే ఫోన్లు నాలుగైదు లక్షలు. లైసెన్సులు వచ్చాక కొద్ది ఏళ్ళలోనే కోట్లమంది చేతికి ఫోన్లొచ్చాయి. కానీ ఇంటర్నెట్ రాలేదు. ఎందుకంటే దేశం బయటికి పోయే దారి ఒక్కటే. పోర్చుగల్, స్పెయిన్‌ల నుంచి పశ్చిమ ఆఫ్రికా తీరం వెంట దక్షిణాఫ్రికాదాకా పోయే శాట్-3 అనే కేబుల్. దాన్ని వేసింది ఆయా దేశాల టెలిఫోన్ సంస్థల ఉమ్మడి కూటమి. నైజీరియాలో ఆ కేబుల్ ఒడ్డెక్కే స్టేషన్ తాళంచెవి ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ నైటెల్ చేతిలో ఉండేది. మిగతా కంపెనీలు ఆ సంస్థ చెప్పిన ధరకు కొనాలి, లేదా అంతకంటే ఖరీదైన ఉపగ్రహాన్ని ఆశ్రయించాలి.

ఇది ప్రభుత్వ సంస్థ గనుకే ఇలా జరిగింది అని తేల్చేయడం సరికాదు. తాళంచెవి ఒక్కరి చేతిలో ఉండడం, ఆ ఒక్కరికీ ఎవరికీ జవాబు చెప్పే పని లేకపోవడం ఇక్కడ అసలు జబ్బు. 2006లో నైటెల్‌లో 51 శాతం వాటాను ట్రాన్స్‌కార్ప్ అనే ప్రైవేటు కంపెనీకి అమ్మారు. సంస్థ బాగుపడలేదు. 2009లో ప్రభుత్వమే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. ఒపెకే ఆ సంధికాలంలో ట్రాన్స్‌కార్ప్‌కు సలహాదారుగా, కొద్దికాలం నైటెల్ నిర్వహణాధికారిగా పనిచేశారు. తాళం ఎక్కడుందో దగ్గరనుంచి చూశారు.

మన దేశంలోనూ విదేశీ కాల్స్ మొత్తం 2002 మార్చి దాకా విదేశ్ సంచార్ నిగమ్ చేతిలోనే ఉన్నాయి. ఆ ఏడాదే అందులో 25 శాతం వాటా, యాజమాన్యం టాటాలకు వెళ్ళాయి. కేబుల్ ఒడ్డెక్కే స్టేషన్లలో మిగతా కంపెనీలకు కూడా చోటివ్వాలని 2007లో ట్రాయ్ నిబంధనలు చేయవలసి వచ్చింది. 2012లో ఛార్జీలకు పరిమితి పెడితే స్టేషన్ల యజమానులైన కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టుదాకా నడిచింది. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, తాళంచెవి చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని తమంత తామే వదులుకోరు.

తెరిచిన తలుపు

2008లో ఒపెకే మెయిన్‌వన్ అనే కంపెనీ పెట్టారు. కేబుల్ వేసే పని అమెరికాకు చెందిన టైకో టెలికమ్యూనికేషన్స్‌కు అప్పగించారు. ఖర్చు దాదాపు 24 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో పడిన సమయంలో, అంతకుముందు సొంత వ్యాపారం నడపని ఒక స్త్రీ, నైజీరియా బ్యాంకుల నుంచీ ఆఫ్రికా ఆర్థిక సంస్థల నుంచీ ఈ డబ్బు సమకూర్చారు. పొదుపు సంఘాల స్త్రీలకు పదివేల అప్పు కోసం బ్యాంకు మేనేజరు ఎదుట ఎన్నిసార్లు నిలబడాలో తెలిసిన మనకు దీని విలువ తెలుస్తుంది. 2009లో బెనిన్ తీరం దగ్గర శాట్-3 దెబ్బతిని నైజీరియాతో సహా చుట్టుపక్కల దేశాల్లో ఇంటర్నెట్ కుంటుపడింది. ఒక్క దారి మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. 2010 జూలైలో మెయిన్‌వన్ కేబుల్ లాగోస్, అక్రాలలో పనిలోకి వచ్చింది. ఆ కాలంలోనే గ్లోబాకామ్ కంపెనీ సొంత కేబుల్ కూడా వచ్చింది. గుత్తాధిపత్యం విరిగింది. టోకు ధరలు పడ్డాయి.

మెయిన్‌వన్ విధానంలో మనం గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. లైసెన్సు ఉన్న ఏ కంపెనీ వచ్చినా, చిన్నదైనా పెద్దదైనా, కేబుల్‌లో సామర్థ్యం అమ్ముతామన్నారు. దీన్ని ఓపెన్ యాక్సెస్ అంటారు. ఊరి చెరువుతో పోల్చి చెప్పొచ్చు. చెరువు ఎవరు తవ్వించారన్నది ఒక ప్రశ్న. అందులో నీళ్ళు ముంచుకోవడానికి ఎవరిని రానిస్తారన్నది ఇంకో ప్రశ్న. ఈ దేశంలో దళిత స్త్రీలకు రెండో ప్రశ్న విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్ ఆ రెండో ప్రశ్నకు ఒక జవాబు.

అయితే మెయిన్‌వన్ లాభం కోసం నడిచిన ప్రైవేటు కంపెనీ. తలుపు తెరవడం దాని వ్యాపార విధానం. అది కొనుక్కునే కంపెనీలకు తెరిచిన తలుపు. డబ్బులేని స్త్రీకి తెరిచిన తలుపు కాదు.

ఒడ్డు నుంచి ఊరిదాకా

కేబుల్ ఒడ్డెక్కినంత మాత్రాన ఊరికి చేరదు. లాగోస్ తీరంలో సామర్థ్యం పుష్కలంగా ఉన్నా లోపలి రాష్ట్రాలకు తీసుకుపోయే ఫైబర్ లేదు. వేయాలంటే రోడ్డు పక్కన తవ్వుకోవడానికి ప్రతి రాష్ట్ర ప్రభుత్వానికీ సుంకం కట్టాలి. మీటరుకు 145 నైరాలకు మించకూడదని 2013లో రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నా, అంతకు ఎన్నోరెట్లు అడిగిన రాష్ట్రాలున్నాయి. ఆ భారం అంతా చివరికి చిల్లర ధర మీద పడుతుంది. 2018లో మెయిన్‌వన్, ఫేస్‌బుక్ కలిసి ఎడో, ఒగున్ రాష్ట్రాల్లో ఓపెన్ యాక్సెస్ ఫైబర్ వేసే పని చేపట్టాయి. దాంతో ఆ రాష్ట్రాల ఊళ్ళకు దారి పడింది, కానీ అందులో ఒక కొత్త బలవంతుడు కూడా అడుగుపెట్టాడు.

ఊరిదాకా వచ్చిన తీగ ఇంట్లో స్త్రీదాకా రావడం ఇంకో మెట్టు. మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ 2024 నివేదిక ప్రకారం పేద, మధ్యాదాయ దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడే అవకాశం పురుషులకంటే స్త్రీలకు 15 శాతం తక్కువ. వాడని స్త్రీలలో అత్యధికులు ఉన్నది మన దక్షిణాసియాలో, సహారా దిగువ ఆఫ్రికాలో. మన సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు దాదాపు 58 శాతం. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ నగరమని చెప్పుకునే చోట ఇదీ లెక్క. తీగకు లింగభేదం లేదు, నిజమే. కానీ అది ఏ ఇంట్లోకి పోతుందో ఆ ఇంటికి ఉంది.

అమ్మకం తర్వాత

2021 డిసెంబరులో అమెరికాకు చెందిన ఈక్వినిక్స్ అనే డేటా సెంటర్ల కంపెనీ మెయిన్‌వన్‌ను 32 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2022 ఏప్రిల్‌లో అమ్మకం పూర్తయింది. ఒపెకే కొంతకాలం కొనసాగి 2024లో తప్పుకున్నారు. ఆమె కట్టినదాన్ని ఆమె అమ్ముకోవడాన్ని నేను తప్పు పట్టను. మగ వ్యాపారి అమ్మితే తెలివి, స్త్రీ అమ్మితే ద్రోహం అనే కొలత మనకొద్దు. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఓపెన్ యాక్సెస్ ఒక వ్యక్తి నమ్మకంగా, ఒక కంపెనీ విధానంగా ఉన్నంతకాలం, ఆ వ్యక్తి వెళ్ళిపోయాక దానికి హామీ ఎవరు? చట్టంలో రాసి ఉంటే యజమాని మారినా షరతు మారదు. రాసి లేకపోతే కొత్త యజమాని దయ.

ఇంతలో టోకు బజారు స్వరూపమే మారిపోతోంది. 2022లో గూగుల్ వారి ఈక్వియానో కేబుల్ లాగోస్‌కు చేరింది. మెయిన్‌వన్ తొలి సామర్థ్యం 1.92 టెరాబిట్లయితే, ఈక్వియానోది 144 టెరాబిట్లు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ముందుండి 2ఆఫ్రికా అనే ఇంకా పెద్ద కేబుల్ వేయించింది. మన మాటలూ బొమ్మలూ నిల్వచేసుకునేవాళ్ళే వాటిని మోసే దారికీ యజమానులవుతున్నారు. 2024 మార్చిలో ఐవరీకోస్ట్ తీరం దగ్గర మెయిన్‌వన్, శాట్-3తో సహా నాలుగు కేబుళ్ళు ఒకేసారి దెబ్బతిన్నప్పుడు పశ్చిమ ఆఫ్రికాలో బ్యాంకుల నుంచి చిన్న దుకాణాలదాకా లావాదేవీలు చిక్కుల్లో పడ్డాయి. సొంత దారి ఎందుకు కావాలో, ఒకటికి మించి ఎందుకు కావాలో అప్పుడు మళ్ళీ తెలిసింది.

మనం అడగవలసినవి

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోవద్దు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ డేటా సెంటర్ల కేంద్రాన్ని కడతామని ప్రకటించింది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ అందులో భాగస్వాములు. దానితోపాటు సముద్రపు కేబుళ్ళు విశాఖ తీరానికి వస్తాయి. లాగోస్‌లో ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన ప్రశ్నే మన ఒడ్డుకు వచ్చింది. ఆ స్టేషన్ తలుపు చిన్న కంపెనీలకు, ప్రభుత్వ సంస్థలకు ఏ షరతుల మీద తెరుస్తారు? డేటా సెంటర్లను చల్లబరిచే నీళ్ళు, నడిపే కరెంటు ఎక్కణ్ణుంచి, ఎవరి వాటా నుంచి? తీరాన్ని నమ్ముకున్న మత్స్యకార స్త్రీలతో ఎవరైనా మాట్లాడారా?

ఊళ్ళ సంగతి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీళ్ళ పైపుల గోతుల్లోనే గొట్టాలు వేశారు. ఇవి ప్రజల డబ్బుతో, ప్రజల స్తంభాల మీద, ప్రజల గోతుల్లో వేసిన తీగలు. వీటిలో సామర్థ్యాన్ని ఎవరికి, ఎంతకు టోకుగా ఇస్తున్నారు? గ్రామసమాఖ్య కార్యాలయం, అంగన్‌వాడీ కేంద్రం, బాలికల హాస్టల్ ఆ జాబితాలో ఉన్నాయా? నీళ్ళ పైపు గురించి గ్రామసభలో నిలదీసే మన అక్కలు, అదే గోతిలో ఉన్న తీగ గురించి కూడా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఈ వివరాలు కోరవచ్చు. ఛార్జీలు, షరతుల మీద ట్రాయ్ చర్చాపత్రాలు విడుదల చేసి అభిప్రాయాలు కోరుతుంది. వాటికి కంపెనీలన్నీ జవాబు రాస్తాయి. మహిళా సంఘాలు కూడా రాయాలి.

టోకు బేరం జరిగే చోట స్త్రీలు ఉండాలా? తప్పకుండా ఉండాలి. ఫుంకే ఒపెకే జీవితం ఆ పని స్త్రీకి చేతకాదన్న మాటను పూర్తిగా కొట్టిపడేసింది. తీరం మీది తాళాన్ని ఆమె తీయగలిగారు కూడా. కానీ ఆ తాళం మళ్ళీ పడకుండా చూడడం ఒక్క వ్యక్తి వల్ల అయ్యే పని కాదు. తలుపు తెరిచి ఉండాలన్న షరతు చట్టంలో ఉండాలి. ఆ షరతు అమలవుతోందా అని అడిగే సంఘటిత శక్తి బయట ఉండాలి. ఆ శక్తిని కట్టవలసిన పని మనది. విశాఖలో ఒప్పందాల కాగితాలు నడుస్తుండగానే ఆ పని మొదలుపెడదాం.